రెండు గంటల గడి

ఆ వృద్ధుల హోమ్‌లో చేరిన మొదటిరోజే ఆండాళ్‌కు నేర్పిన పాఠం ఒక్కటే: రాయని పని చేయని పనే. ముసలాయనకు నీళ్లు తాగించావా, ఎన్ని మిల్లీలీటర్లో చార్టు గడిలో రాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టావా, ఎటువైపుకో రాయి. పొద్దుట్నుంచి నడుములు విరిగేలా చాకిరీ చేసి గడి ఖాళీగా వదిలావంటే ఆ పూటంతా కాళ్లు చాపుకుని కూర్చున్నట్టే. హనుమకొండలో పన్నెండేళ్లు స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషికి రాయడం ఒక పనా? జర్మనీలోని మాగ్డెబర్గ్‌కు వచ్చి, నలభై రెండేళ్ల వయసులో జర్మన్ నేర్చుకుని, ఏడాది కోర్సు చేసి ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆండాళ్ ఒక్క గడి ఖాళీగా వదల్లేదు. ఆ మాట ఇంట్లో గొప్పగా చెప్పుకునేది కూడా.

అది జనవరి నెల, కరోనా వచ్చాక రెండో చలికాలం. హోమ్‌లో నలుగురికి పాజిటివ్ వచ్చిందని నవంబరులోనే తలుపులు మూసేశారు. బయటి పురుగు లోపలికి రావడానికి లేదు. ఒక్కటే మినహాయింపు. మనిషి పోయే ఘడియల్లో ఉన్నాడని డాక్టరు రాసిస్తే, ఇంటివాళ్లలో ఒకరు, ఒక గంటసేపు, ప్లాస్టిక్ గౌను తొడుక్కుని రావచ్చు. ఆ డాక్టరైనా రోజూ వచ్చి చూస్తాడా అంటే, లేదు. మధ్యాహ్నం రెండున్నరకు తన క్లినిక్‌లో కూర్చుని కంప్యూటర్లో చార్టు చూస్తాడు. చార్టు ఏం చెబితే అదే వేదం. ఆ చార్టు నింపేది ఆండాళ్. అప్పటికి ఆ సంగతి ఆమెకు అంత బరువుగా తోచలేదు.

తొమ్మిదో నంబరు గదిలో ఉన్నాయన పేరు ఎర్ల్ టాలివర్. ఎనభై మూడేళ్ల అమెరికావాడు. ఒకప్పుడు అక్కడ కార్ల రేసుల్లో తిరిగినవాడు. బజార్లో అమ్మే కార్లలాంటివాటికే ఇనుప కమ్మీలు బిగించి, గుండ్రటి ట్రాకు మీద ఎప్పుడూ ఎడమవైపుకే తిప్పుతూ పరుగెత్తించే రేసులవి. పదిహేడేళ్లు నడిపాడట, ఒక్కటీ గెలవలేదట. భార్య హానెలోరెది ఈ చుట్టుపక్కల పల్లెటూరే. బెర్లిన్ గోడ పడిపోయిన నాలుగేళ్లకు ఆమె పుట్టింటి ఇల్లు చేతికొస్తే మొగుడూ పెళ్లాలు అమెరికా వదిలి ఇక్కడికి చేరారు. పిల్లలు లేరు. రెండేళ్ల క్రితం ఆయన గుండె నీరసించింది, కాళ్లు పడిపోయాయి. మతిమరుపు కొద్దికొద్దిగా మొదలై ముందు జర్మన్‌ను మింగేసింది. ఇప్పుడు ఇంగ్లిషే మిగిలింది, అదీ నోట్లో జీళ్లపాకం పెట్టుకున్నట్టు సాగే ఇంగ్లిషు. హోమ్‌లో ఆ మాట అర్థమయ్యేది ఆండాళ్ ఒక్కదానికే. అందుకే తొమ్మిదో గది ఆమె నెత్తిన పడింది.

మంగళవారం పదకొండింటికి ఆండాళ్ ఆయన్ను ఎడమ పక్కకు తిప్పుతుంటే కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడైంది. బయట మంచులో హానెలోరె నిలబడి ఉంది. ఎనభై దాటిన మనిషి. రోజూ పదకొండింటికి పల్లె నుంచి బస్సులో వస్తుంది, బోర్లించిన పూలకుండీ మీద కాలు పెట్టి కిటికీలోంచి గంటసేపు మొగుణ్ణి చూస్తుంది, పన్నెండున్నర బస్సుకు వెళ్లిపోతుంది. నవంబరు నుంచీ ఇదే తంతు. మంచమే కిటికీకి దూరం, పైగా ఆయనకు చూపు మసక, చెవులు చూడబోతే ఇంజన్ల మోతకు ఎప్పుడో పోయాయి. కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి ముప్పాతిక. ఫోను పెడితే వినపడదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి పోల్చుకునేవాడు, ఆ పెదాలమీద ఇప్పుడు మాస్కులు. దేవుడు ఒక దారి మూస్తే ఇంకో దారి తెరుస్తాడంటారు గానీ, ఆ ముసలివాళ్లకు అన్నీ ఒక్కసారే మూశాడు.

ఆండాళ్ కిటికీ పైభాగాన్ని లోపలికి వాల్చింది. జానెడు సందు తెరుచుకుంది. ఆ సందులోంచి హానెలోరె ఒక కవరు జారవిడిచింది.

"ఇది ఆయనకు చదివి వినిపిస్తారా? ఇంగ్లిషులోనే రాశాను. చెవి దగ్గర గట్టిగా చదవండి."

"ఏముంది ఫ్రావ్ టాలివర్ ఇందులో?"

హానెలోరె, తరగతిగదిలో పిల్ల తప్పు ఒప్పుకున్నట్టు తలవంచుకుని చెప్పింది. ఆ రోజుల్లో రేసుల్లో కంప్యూటర్లు లేవు. ఏ కారు ఎన్ని చుట్లు తిరిగిందో రాయడానికి ఏ కారు మనిషి ఆ కారుకు ఉండాలి. పెళ్లామో, తమ్ముడో, బావమరిదో చెక్కబల్లల మీద వరసగా కూర్చునేవాళ్లు. ఎదురుగా పెద్ద గడియారం. తమ కారు ముందునుంచి పోయినప్పుడల్లా టైము చూసి కార్డు మీద ఒక గడి నింపాలి. రేసు అయ్యాక పెద్దలు కార్డులు తీసుకుని గళ్లు లెక్కపెడతారు. ఒక గడి తగ్గిందంటే ఒక చుట్టు తగ్గినట్టే.

"అరవై ఎనిమిది ఆగస్టు. రెండువందల చుట్లు. ఎర్ల్ మొదట వచ్చాడు. నా కార్డు మీద నూట తొంభై తొమ్మిదే ఉన్నాయి. ఒకటి నేను రాయలేదు. కానీ అన్నీ రాశాననే చెప్పాను. ఆయన నా మాట నమ్మి వాళ్లమీద కలబడ్డాడు. కార్డు మార్చేశారని అరిచి ఒకాయన కాలర్ పట్టుకున్నాడు. ఏడాదిపాటు బహిష్కరించారు. దాంతో ఆయన బతుకు పోయింది." ముసలామె గ్లౌజుతో ముక్కు తుడుచుకుంది. "యాభై రెండేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడు?"

ఆండాళ్‌కు చేతిలో కవరు నిప్పులా అనిపించింది. ఇలాంటి మాట మొగుడికి పరాయి మనిషి నోట వినిపించడమా? అందులోనూ మాస్కు కట్టుకున్న నోట?

"మీరే చెప్పాలి ఫ్రావ్ టాలివర్. నేను చదవను. మీరు లోపలికొచ్చే దారి నేను చూస్తాను."

"ఎలా వస్తాను?"

"ఆయనలో మార్పు కనపడ్డ మరుక్షణం చార్టులో రాస్తాను. ఆ రోజే మీకు ఫోన్ వస్తుంది. నా మాట నమ్మండి."

హానెలోరె నమ్మింది. కవరు మాత్రం ఆండాళ్ దగ్గరే ఉంచమంది, ఎందుకైనా మంచిదని.

*

సాయంత్రం ఇంట్లో చారు తిరగమోత పెడుతూ ఆండాళ్ ఈ సంగతంతా చెప్పింది. భర్త కమలాకర్ వంటింటి బల్లమీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. పది నెలలుగా ఆ బల్లే ఆయన ఆఫీసు.

"ఇండ్ల ఆలోచించేటిదేమున్నదే?" అన్నాడు. "పోయేటట్టున్నడు అని ఒక ముక్క రాసెయ్యరాదు? ముసలామె వచ్చి చూసుకుంటది, చెప్పేటిదేందో చెప్పుకుంటది. ఎవలడుగుతరు నిన్ను?"

"లేనిది ఎట్ల రాస్తనండీ? ఇయ్యాల పొద్దున రెండు చెంచాల పెరుగు తిన్నడు ఆయన. రేపు లేచి కూసోని కాఫీ అడిగితే ఏం జెప్పాలె?"

"దేవుని దయతోని బతికిండు అని చెప్పు. నీ సత్యహరిశ్చంద్ర కథలు తర్వాత."

పక్కగదిలోంచి పదమూడేళ్ల మాయ తల బయటపెట్టింది. "మామా, ఇస్ట్ దస్ యూబర్‌హౌప్ట్ ఎర్లౌబ్ట్?" అంది. అమ్మా, అసలు అలా రాయనిస్తారా అని, జర్మన్‌లో.

"రాయనియ్యరు బిడ్డా," అంది ఆండాళ్. "చూసిండ్రా, పోరికి తెలుస్తది గానీ మీకు తెల్వదు."

కమలాకర్ చేతులెత్తేశాడు. "నీ ఇష్టం. గా కొలువు ఇడిచిపెట్టమని మార్చి నుంచి చెప్తున్న, ఇనవైతివి." ఆ మాట ఆయన రోజుకొకసారైనా అంటాడు. ఆండాళ్ చారు దించి పక్కన పెట్టింది.

*

బుధవారం ఎర్ల్ తెలివిగా ఉన్నాడు. అలాంటి రోజులు ఆయనకు నెలలో రెండో మూడో. ఆండాళ్ ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని మడమకు క్రీము రాస్తోంది. కుడి మడమ చెప్పు అట్టలాగా గట్టిగా, గోధుమరంగులో మచ్చకట్టి ఉంటుంది. పుండు పడితే మానదు కాబట్టి రోజూ అక్కడ వేలితో నొక్కి చూడాలి, ఎరుపు దిగుతోందో లేదో గడిలో రాయాలి.

"అది కారు ఫ్లోర్ కాల్చింది," అన్నాడు ఎర్ల్ ఉన్నట్టుండి. "కింద పొగగొట్టం, పైన నా మడమ. నాలుగు గంటలు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడానికి ఉండదు. బూటు అడుగు కరిగి అంటుకునేది మిస్ ఆండాళ్."

ఆండాళ్ తలుపువైపు ఒకసారి చూసి మాస్కు గడ్డం కిందికి లాగింది. అది తప్పే. కానీ పెదాలు కనపడకపోతే ఆయనతో మాట్లాడటం గోడతో మాట్లాడటమే. ఎడమ చెవి దగ్గరకు వంగి, "ఒక్కటైనా గెలవలేదా మిస్టర్ ఎర్ల్?" అంది. జేబులో కవరు ఉందన్న సంగతి ఆమెను నిలవనీయడం లేదు.

"ఒకటి గెలిచాను." కుడిచేత్తో మంచం కమ్మీ పట్టుకున్నాడు. ఎప్పుడూ అలాగే పట్టుకుంటాడు, స్టీరింగు పట్టినట్టు. "నూట నలభై ఒకటో చుట్టులో నాలుగో మలుపు దగ్గర రెండు కార్లు గుద్దుకున్నాయి. ఒకటి అంటుకుంది. అదీ నీలం రంగే, నాదీ నీలం రంగే. నేను ఆ పొగలోంచి బయటపడి లెక్క రాసేవాళ్ల స్టాండు ముందునుంచి పోయాను. నా పెళ్లాం రెండుచేతులతో మొహం కప్పుకుని కూర్చుంది. చూశాను."

ఆండాళ్ చేయి మడమ మీద ఆగిపోయింది. "ఏం చూశారు?"

"చెబుతున్నాగా. ఆ చుట్టు ఆమె రాయలేదు. కాలిపోతున్నది నేనే అనుకుంది పాపం. తర్వాతి చుట్టుకు నన్ను చూసి మళ్లీ రాయడం మొదలెట్టింది."

"మరి... కార్డు మార్చేశారని వాళ్లమీద కలబడ్డారట కదా?"

ఈ సంగతి ఆమెకెలా తెలుసని ఆయన అడగలేదు. నవ్వినట్టు పెదవి వంచాడు. "ఏం చెప్పమంటావు మరి? నా పెళ్లాం లెక్క తప్పిందని అంతమంది ముందు చెప్పనా? ఆ బల్లమీద కూర్చున్న ఆడవాళ్లు అప్పటికే ఆమెను చూసి గుసగుసలు పోయేవాళ్లు. జర్మన్ దాన్ని తెచ్చి మన పక్కన కూర్చోబెట్టాడని. ఒక్క మాట దొరికితే చీల్చి చెండాడేవాళ్లు. వాళ్లు దొంగలని అరిచాను. అరిచినందుకు పోయేది నా ఒక్కడి బతుకే కదా."

"ఆమెకు ఎప్పుడూ చెప్పలేదా? ఇంట్లోనైనా?"

"చెబితే నేను చూశానని తెలుస్తుంది." కమ్మీ వదిలి ఆండాళ్ మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో ఇంత బలం ఉందని ఆమె అనుకోలేదు. "అన్నీ రాశానని చెప్పింది. రాశావు అన్నాను. అదే మా కాపురం. నేను పోయాక కూడా ఆమెకు తెలియకూడదు. మాట ఇవ్వు మిస్ ఆండాళ్."

ఏం చేస్తుంది? తలూపింది. ఆయన కళ్లు మూసుకున్నాడు, కాసేపటికి గురక వినిపించింది. ఆండాళ్ మాస్కు పైకి లాక్కుని, మడమ గడిలో 'ఎరుపు లేదు' అని రాసింది. రాస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు అలికినట్టయ్యాయి. పిచ్చి మాలోకాలు! యాభై రెండేళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఒకరికి తెలిసిందే ఇంకొకరు దాచుకుంటూ బతికారు. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే చాలు, ఏ మాటా బయటివాళ్లు చెప్పక్కర్లేకుండా అదే విడిపోతుందని ఆమెకు గట్టిగా తోచింది. కూర్చోబెట్టడం ఎలాగన్నదే మిగిలింది.

గురువారం పొద్దున్నే వార్డు పెద్ద నర్సు ష్వెస్టర్ డాగ్మార్ దగ్గరకు వెళ్లి అడిగింది. "ఒక్క పది నిమిషాలు. గౌను, గ్లౌజులు, అన్నీ వేయించి ఫ్రావ్ టాలివర్‌ను తీసుకొస్తాను."

డాగ్మార్ చెడ్డమనిషి కాదు. మూడు వారాలుగా సెలవు లేక కళ్లకింద నల్లటి చారలు పడి ఉన్నాయి. "ఆయన గదికి పంపిస్తే పదకొండో గదికి పంపాలి, పద్నాలుగుకు పంపాలి. అందరికీ మొగుళ్లూ పెళ్లాలూ ఉన్నారు ఆండాళ్. చార్టు చెప్పనీ, నేనే ఫోన్ చేస్తాను."

పదకొండింటికి కిటికీ సందులోంచి హానెలోరె ఒక్కటే అడిగింది. "చదివారా?"

"లేదు. మీరే చెప్పాలి."

"నాకు ధైర్యం పోతోంది," అంది ముసలామె. పూలకుండీ దిగి, స్కార్ఫు సర్దుకుని, బస్సుకు వెళ్లిపోయింది.

*

శుక్రవారానికి వార్డులో ఐదుగురు ఉండాల్సిన చోట ఇద్దరు మిగిలారు. మిగతావాళ్లు జ్వరాలతో ఇళ్లలో పడ్డారు. ఆండాళ్‌కు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రెండు షిఫ్టులూ వేశారు. పదకొండింటికి హానెలోరె వచ్చినప్పుడు ఎర్ల్ నిద్రలో ఉన్నాడు, మామూలుగానే ఉన్నాడు. పన్నెండింటికి గడిలో 'నిలకడగా ఉన్నారు' అని రాసింది ఆండాళ్. అది నిజమే.

రెండింటికి గదిలోకి అడుగుపెడుతూనే ఆమెకు తెలిసిపోయింది. ఊపిరి మారింది. నాలుగు సార్లు ఆయాసంగా పీల్చి, ఆగిపోయి, ఎనిమిది తొమ్మిది లెక్కపెట్టేదాకా ఏమీ లేక, మళ్లీ ఎగబీల్చాడు. దుప్పటి ఎత్తి చూసింది. పాదాలు చల్లగా ఉన్నాయి. మోకాళ్ల మీద ఊదారంగు మరకలు తేలాయి. ముక్కు సన్నబడింది. కోర్సులో చెప్పినవన్నీ వరసగా కనపడుతున్నాయి. వచ్చేసింది, ఇదే ఆ ఘడియ. చార్టు రాసే టాబ్లెట్ కంప్యూటర్ తీసి, తొమ్మిదో గది చార్టు తెరిచి, రెండు గంటల గడి మీద వేలు పెట్టింది.

అప్పుడే కారిడార్లో దబ్బుమని చప్పుడు, వెంటనే కేక.

టాబ్లెట్ మంచం మీద పడేసి పరుగెత్తింది. ఆరో గది ఫ్రావ్ క్రామర్ వాకర్‌తో సహా బోర్లా పడి ఉంది. నుదురు చిట్లి నేలంతా రక్తం. డ్యూటీలో ఉన్న రెండో మనిషి పై అంతస్తులో ఉంది. ఆండాళ్ మోకాళ్ల మీద కూర్చుని తువ్వాలు మడిచి నుదుటికి అదిమిపట్టి, ఇంకో చేత్తో బెల్లు కొట్టింది. అంబులెన్సు వచ్చేసరికి రెండూ ముప్పై ఐదు. వాళ్లకు మందుల జాబితా కావాలి, ఆధార్ లాంటి బీమా కార్డు కావాలి, కూతురి ఫోన్ నంబరు కావాలి. ఫ్రావ్ క్రామర్ ఆమె చేయి వదల్లేదు. వాళ్లు వెళ్లాక నేల కడగాలి. గోరుచుట్టు మీద రోకటి పోటులా రెండో గదిలో ఒకాయన ఆక్సిజన్ గొట్టం పీకేసుకున్నాడు. ఏది ముందు, ఏది వెనక? ఒక మనిషికి రెండు చేతులే ఇచ్చాడు దేవుడు. ఈ మధ్యలో తొమ్మిదో గది సంగతి ఆమె మరచిపోలేదు కూడా. రాసేశాననుకుంది. వేలు గడి మీద పెట్టింది కదా, రాసినట్టే మనసులో పడిపోయింది. డాక్టరు చూసే ఉంటాడు, డాగ్మార్ ఫోన్ చేసే ఉంటుంది, ముసలామె బస్సులో ఉండి ఉంటుంది అనుకుంటూ నేల కడిగింది.

నాలుగింటికి తొమ్మిదో గదికి వచ్చింది. గదిలో హానెలోరె లేదు. ఎర్ల్ చేతి పక్కన టాబ్లెట్ నల్లగా పడి ఉంది. తెరిచి చూస్తే రెండు గంటల గడి తెల్లగా ఉంది. దాని కింద రెండున్నరకు డాక్టరు సంతకం. 'మార్పు లేదు.'

"అయ్యో నా తల్లీ, ఎంత పని జేసిన!" అని ఆండాళ్ తెలుగులోనే పైకి అనేసింది.

ఆ తర్వాత జరిగిందంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. డాగ్మార్ అనుమతి కోసం చూడకుండానే హానెలోరెకు ఫోన్ చేసింది. పల్లె నుంచి బస్సు గంటకొకటి. మూడూ ఐదుది పోయింది, నాలుగూ ఐదుది ఇప్పుడే పోయింది, ఇక ఐదూ ఐదుకే. టాక్సీవాడు మంచు పడుతోంది, గంటన్నర పడుతుందన్నాడు. శుక్రవారం మూడింటికే క్లినిక్ మూసేస్తారు కాబట్టి డాక్టరు కోసం ఎమర్జెన్సీ నంబరు పట్టుకుంటే, వాళ్ల సంగీతం వింటూ అరగంట గడిచింది. ఐదింటికి అనుమతి వచ్చింది. అప్పటికి ఎర్ల్ ఊపిరి మధ్య ఖాళీలు ఇరవై దాకా సాగుతున్నాయి.

ఆండాళ్ మంచం అంచున కూర్చుని మాస్కు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎవరు చూస్తే చూడనీ. ఎడమ చెవికి నోరు ఆనించి, "హానెలోరె వస్తోంది మిస్టర్ ఎర్ల్. బస్సెక్కింది. కాస్త ఆగండి," అంది. మళ్లీ మళ్లీ అంది. ఆయన కుడిచేయి కమ్మీని వెతుక్కుంటుంటే అందించింది. ఐదూ ముప్పై ఐదుకు ఊపిరి ఆగింది. ఆమె ఇరవై లెక్కపెట్టింది, ముప్పై, అరవై, వంద దాకా లెక్కపెట్టి ఊరుకుంది.

బస్సు ఐదూ యాభైకి వచ్చింది. వీధిగుమ్మం దగ్గర డాగ్మార్ గౌను పట్టుకుని నిలబడి ఉండటం, హానెలోరె మంచులో జారకుండా చిన్న చిన్న అడుగులేస్తూ తొందరగా రావడం ఆండాళ్ కారిడార్ కిటికీలోంచి చూసింది. అప్పటికి షిఫ్టు అయిపోయింది. ఎదురుగా వెళ్లి నిలబడే ధైర్యం లేకపోయింది. వెనక తలుపు తీసుకుని సైకిలెక్కి ఇంటికి పోయింది. కమలాకర్ ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, చారు తనే వేడిచేశాడు.

*

శనివారం పొద్దున డాగ్మార్ ఆమెను మందుల గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"రెండు గంటల గడి సోమవారం దాకా తెరిచే ఉంటుంది. నువ్వు చూసింది చూసినట్టు ఇప్పుడు రాసెయ్. ఇంటర్నెట్ సరిగా లేదని నేను అంటాను. నిన్న ఆ ముసలామెతో కూడా అదే చెప్పాను. ఎవరూ అడగరు ఆండాళ్, నువ్వేం ఆడుకుంటూ కూర్చోలేదు."

ఆండాళ్ మందుల ట్రే అందుకుని బయటికొచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు హానెలోరె సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చింది. గుమ్మం బయట బెంచీ మీద రెండు అట్టపెట్టెలు పెట్టారు. స్వెట్టర్లు, వినికిడి యంత్రం, కుడి మడమ కింద మందంగా తోలు కుట్టించుకున్న బూట్లు. హానెలోరె ఆ బూటులో చేయి పెట్టి తోలును తడిమి చూసి, మళ్లీ పెట్టెలో పెట్టింది. ఆండాళ్ బయటికొచ్చి రెండు మీటర్ల దూరంలో నిలబడింది.

"ఇంటర్నెట్ పనిచేయలేదట కదా," అంది హానెలోరె. "మూడూ ఐదు బస్సు మా ఇంటి ముందునుంచే పోతుంది. నేను కిటికీ దగ్గర బంగాళాదుంపలు చెక్కుతున్నాను. బస్సులో ఒక్కరు కూడా లేరు. ఎక్కి ఉంటే నాలుగింటికల్లా వచ్చేదాన్ని."

అవునని తలూపితే సరిపోయేది. ఆండాళ్ నోరు వేరే పని చేసింది.

"ఇంటర్నెట్ బాగానే ఉంది ఫ్రావ్ టాలివర్. రెండు గంటల గడి నేను నింపలేదు. మార్పు చూశాను. రాయలేదు. రాశాననుకున్నాను. తప్పు నాదే."

మాస్కుపైన హానెలోరె నీలికళ్లు ఆర్పకుండా చూశాయి.

"ఎటు చూశారు?" అంది చివరికి.

"కారిడార్లో ఒకావిడ పడిపోయింది. రక్తం వచ్చింది."

"బతికిందా?"

"బతికింది. ఎనిమిది కుట్లు పడ్డాయి."

"ఆ రోజు కాలిపోయిన కారువాడు కూడా బతికాడు. తర్వాత ముప్పై ఏళ్లు ట్రాక్టర్లు అమ్మాడు." ముసలామె బెంచీ మీద కూర్చుంది. "ఈ మాట నాకెందుకు చెప్పారు?"

"మీకు తెలియాలని..."

"తెలిసి నేనేం చేసుకోను? నిన్న రాత్రంతా డాక్టర్ని తిట్టుకున్నాను, కరోనాని తిట్టుకున్నాను, మంచును తిట్టుకున్నాను. వాటికి మొహాలు లేవు. ఇక నుంచి మీ మొహం గుర్తు పెట్టుకోవాలి." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీకు కాస్త తేలికైంది కదా? నిజం చెప్పండి."

అయింది. రాత్రంతా గుండెమీద కూర్చున్న రాయి కొంచెం జరిగింది. ఆ సంగతి గమనించి ఆండాళ్ సిగ్గుతో చచ్చిపోయింది. జేబులోంచి కవరు తీసి చేయి చాచింది. అంటించింది అంటించినట్టే ఉంది.

హానెలోరె కవరు తిప్పి చూసింది. "చదవలేదా?"

"లేదు."

"పోనీలెండి. నేనూ ఇందుకే రాశాను, మీలాగే. నా బరువు ఆయన మీద పడేసి పోదామని. పాపం, నేను అన్నీ రాశాననే నమ్మి పోయాడు. అదొక్కటైనా ఆయనకు మిగిలింది." కవరును రెండుగా మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. "ఆయనకు తెలియలేదు. చాలు నాకు."

ఆయన చూశాడమ్మా, అన్న మాట ఆండాళ్ పళ్లదాకా వచ్చింది. పొగలోంచి బయటపడుతూ చూశాడు. నీకోసమే దొంగ కేకలు పెట్టాడు, నీకోసమే బతుకు పోగొట్టుకున్నాడు. అనేస్తే ఎంత హాయి! అనేస్తే ఈ బెంచీ మీది మనిషికి ఉన్న ఆ ఒక్క 'చాలు' కూడా ఉండదు. ఆండాళ్ పళ్లు బిగించుకుంది.

"ఈ పెట్టెలు బస్‌స్టాప్ దాకా తెస్తాను," అంది.

"వద్దు. ఒకటి ఇప్పుడు తీసుకెళతాను, ఇంకోటి రేపు. నాకు రావడానికి ఒక పని ఉండాలి కదా." బూట్లున్న పెట్టెను చంకన పెట్టుకుని హానెలోరె లేచింది. గేటు దాటాక అలవాటుగా తొమ్మిదో గది కిటికీ వైపు తిరిగింది. పూలకుండీ అక్కడే బోర్లించి ఉంది. ఒక్క క్షణం ఆగి, రోడ్డు దాటి వెళ్లిపోయింది.

ఆండాళ్ లోపలికొచ్చి గ్లౌజులు మార్చుకుంది. తొమ్మిదో గది మంచం మీద అప్పుడే కొత్త దుప్పటి పరిచారు. ష్వెస్టర్ డాగ్మార్ గాజుగదిలోంచి ఆమెకేసి చూసి, రాశావా అన్నట్టు కళ్లెగరేసింది. ఆండాళ్ లేదన్నట్టు తలూపింది. ఆ గడి తెల్లగానే ఉంచాలని గుమ్మం బయటే అనుకుంది.

గోడ గడియారం రెండు కొట్టింది. పదకొండో గది ముసలాయనకు నీళ్లు తాగించాలి. ఆండాళ్ ఆ గదిలోకి వెళ్లి, గ్లాసు నింపి బల్లమీద పెట్టి, టాబ్లెట్ తెరిచింది. 'రెండు గంటలు, నూట యాభై మిల్లీలీటర్లు, తాగారు' అని రాసింది. ఒకసారి కాదు, రెండుసార్లు సరిచూసుకుంది. రాసి ముగించాక, ఇంకా నిండుగానే ఉన్న గ్లాసు అందుకుని, ఆయన తల కింద చేయి పెట్టి పైకి లేపింది.